మంచుబండి పట్టా కింద నిమ్మకాయ

న్యూజిలాండులో ఏళ్ల తరబడి ఉంటూ దక్షిణ ద్వీపం ముఖం చూడని తెలుగువాళ్లు ఆక్లాండ్‌లో ఎందరో ఉన్నారు. 2018 ఆగస్టు వరకు నేనూ వారిలో ఒకణ్ణి. తీరిక లేక కాదు, డబ్బు లేకా కాదు. అక్కడ ప్రకాష్ ఉన్నాడు, అందుకు వెళ్లలేదు.

ప్రకాష్‌ది కరీంనగర్. విద్యార్థి వీసా మీద వచ్చిన కొత్తలో, ఆక్లాండ్ శివారు మనురేవాలో అప్పట్లో మేము అద్దెకుండే ఇంటి వెనకగదిలో ఏడాదిన్నర ఉన్నాడు. పగలు కాలేజీ, సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో అరలు సర్దే పని. నాది తెనాలి. ఇండియాలో మోటారు సైకిళ్లకు చట్రాలు గీసే ఉద్యోగం చేశాను. ఇక్కడికి వచ్చాక సాఫ్ట్‌వేర్‌లో కుదురుకుని, హాబ్సన్‌విల్‌లో ఇల్లు కొనుక్కుని, రోజూ బస్సులో సిటీకి వెళ్లివస్తున్నాను. బండి చట్రం బరువును ఎక్కడ మోయాలో, ఎక్కడ వదిలేయాలో ప్రకాష్‌కు మొదటిసారి కాగితం మీద గీసి చూపించినవాణ్ణి నేను. ఇప్పుడు దక్షిణ ద్వీపంలో షెడ్డు పెట్టుకుని, మంచు మీద నడిచే బండ్లకు చట్రాలు చేస్తున్నవాడు అతను.

జూలై చివర ఫోన్ చేశాడు. “అన్నా, వచ్చే శనివారం ట్రయల్ ఉంది. గ్రాహమ్ అని ఒక గొర్రెల రైతు. ఆయనే బండెక్కి కొండ మీది గుడిసె దాక పోయి దిగొస్తడు. నచ్చితే నాలుగు బండ్లు ఆర్డర్ ఇస్తడు. నచ్చకపోతే ఆగస్టు ఆఖరుకు షెడ్డు ఖాళీ చేసి, మల్లా ఆక్లాండ్‌ల అరలు సర్దుకునుడే. నువ్వు రావాలె. వచ్చేటప్పుడు టెంకాయ, నిమ్మకాయలు పట్టుకరా. ఈ చలికి ఇక్కడ నిమ్మచెట్టు బతకదు.”

వెళ్లాను. బండి ఎలా ఉందో చూడాలని వెళ్లానని ఇంట్లో చెప్పాను. ఎలా లేదో చూడాలని వెళ్లాను.

క్వీన్స్‌టౌన్, గురువారం

ఇక్కడ విమానం దిగడమంటే రెండు కొండల మధ్య సందులోకి దూరడం. పక్క సీటులో ఊలు అల్లుకుంటున్న పెద్దావిడ ఇన్వర్‌కార్గిల్‌లో చెల్లెలి దగ్గరికి వెళుతోంది. “స్కీయింగుకా?” అని అడిగింది. ఒక బండి చూడడానికన్నాను. “ఎవరిది?” అంది. తెలిసినవాడిదన్నాను. మనురేవా రోజుల్లో అయితే మా తమ్ముడిది అనేవాణ్ణి.

ఊరినిండా స్కీ బూట్లు తొడుక్కున్న జనం, కాళ్లకు పెట్టెలు కట్టుకున్నట్టు కదలలేక కదులుతున్నారు. మంచును చూడగానే మనవాళ్లు ఫొటో తీసుకుంటారు. వీళ్లు దాని మీద నుంచి జారాలనుకుంటారు. ఒక గిన్నెడు గుమ్మడికాయ సూపు, రెండు రొట్టెముక్కలు కలిపి పందొమ్మిది డాలర్లు. మనురేవాలో ఆ డబ్బుకు ఇద్దరు బిర్యానీ తిని లస్సీ తాగవచ్చు. సూపు మాత్రం బాగుంది. బాగుండడం నాకు నచ్చలేదు. ఈ ప్రాంతంలో ఏదీ బాగుండకూడదన్న పట్టుదలతో వచ్చాను.

క్రామ్‌వెల్

క్వీన్స్‌టౌన్ నుంచి అద్దెకారులో గంట ప్రయాణం. దారి పొడవునా ఇరుకు లోయ, అడుగున కాకరాకు రంగు నది. క్రామ్‌వెల్ పళ్లతోటల ఊరు. ఈ కాలంలో చెట్లన్నీ మోడులు. పళ్లంటే ఊరి మొగదల నిలబెట్టిన పెద్ద పళ్ల బొమ్మలే. ఒక బేకరీలో జింకమాంసం కూరి కాల్చిన ‘పై’ తిన్నాను. తింటూ బయటికి చూస్తే ఎదుటి సందులో రేకుల షెడ్డు, లోపలినుంచి నీలం మెరుపులు.

వెల్డింగు చేస్తున్నది ప్రకాష్ అనుకున్నాను. ముసుగు పైకెత్తితే అతని భార్య మౌనిక. పెళ్లయి వచ్చినప్పుడు దేశం కొత్త, ఊరు కొత్త, పని లేదు. ఊళ్లో వెల్డింగు కోర్సు ఉందంటే చేరిందట.

“కాళ్లు అక్కడ్నే దులుపుకో అన్నా,” అంది. “మీ తమ్ముడు టైర్ల షాపుకు పోయిండు. మంచుబండికి టైర్లెందుకని అడుగకు, బండి కాదు, ట్రైలర్‌ది పంక్చరు.”

మంచుబండి సంగతి తెలియనివారి కోసం చెప్పాలి. మొదట్లో దీన్ని ఎవరూ బండిగా పుట్టించలేదు. మట్టిదారుల్లో నడిచే మోటారు సైకిలును తీసుకుని, ముందుచక్రం ఊడదీసి మంచు మీద జారే స్కీ పలక, వెనకచక్రం స్థానంలో యుద్ధట్యాంకుకున్నట్టు చుట్టూ తిరిగే రబ్బరు పట్టా బిగించేవారు. ఉత్తర అమెరికాలో అందుకోసం సామగ్రి పెట్టెల్లో అమ్ముతారు; ప్రకాష్ కూడా మొదటి బండికి అదే తెప్పించాడు. అది నడుస్తుంది. కాని చక్రాల కోసం పుట్టిన చట్రం మంచు మీద బరువంతా పైన పెట్టుకుని తూలుతుంది. ముందున్న రేడియేటరుకు చలిగాలి కొట్టి ఇంజను వేడెక్కదు. దానికి టేపులు అంటించుకుని తిరుగుతారు. ఒక చలికాలం అలా తిరిగాక, ఇంకొకరి కోసం కుట్టిన చొక్కాను విప్పి కుట్టుకోవడం కంటే గుడ్డ కొనుక్కోవడమే మేలనిపించి, మంచు కోసమే పుట్టే బండి మొదలుపెట్టాడు.

ఆ బండి షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. సన్నటి ఉక్కుగొట్టాల చట్రం, ఇంజను ఎంత కిందికి దిగాలో అంత కిందికి దిగింది. రేడియేటరు లేదు. పట్టా తిరిగేచోట పైకప్పులా అల్యూమినియం తొడుగు ఉంటుంది. దాని లోపలి వైపు చదునైన బోలుపలక బిగించి ఇంజను నీళ్లను అందులో తిప్పాడు. పట్టా ఎగజిమ్మే మంచే ఆ పలకను చల్లారుస్తుంది. తోసేసే మంచు చేత పని చేయించుకుంటున్నాడు!

నాకు కడుపులో మంట పుట్టింది. ఈ మాటను అలంకారంగా రాయడం లేదు. జింకమాంసం ‘పై’ కూడా కారణం కావచ్చు గాని, ముఖ్యకారణం ఆ పలక.

ప్రకాష్ వచ్చి నన్ను కావలించుకున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసుకుని, ప్రతి అతుకూ చూశాను. లోపం కోసం ఇంత శ్రద్ధగా ఇండియాలో జీతం తీసుకున్న రోజుల్లో కూడా వెతకలేదు. దొరకలేదు.

“ఎట్లుందన్నా?” అన్నాడు ప్రకాష్.

“రంగు వేయలేదే.”

“రంగు బరువన్నా,” అన్నాడు నవ్వుతూ.

మౌనిక షెడ్డులోని కట్టెలపొయ్యి మీద సర్వపిండి కాల్చింది. వేళ్లతో గుంటలు చేసి, నూనె పోసి, మూత పెట్టి, మధ్యమధ్య లేచి గొట్టాలకు అతుకు వేసి వస్తోంది. తెనాలిలో మేము దీన్ని చేసుకోం. తింటూ వాళ్లిద్దరి మాటలు విన్నాను. ఏ గొట్టం ఎంత వంగాలన్నదానిమీద పోట్లాట. నేను గీసిన బొమ్మల్ని మా ఇంట్లో ఎవరూ తప్పుపట్టరు. ఎవరూ చూడరు కనుక.

“అన్న కన్ను బండి మీదికెళ్లి మళ్లుతలేదు,” అంది మౌనిక, నా పళ్లెంలో ఇంకో ముక్క వేస్తూ. “రేపు దిష్టి మంచిగ తియ్యాలె.”

ప్రకాష్ నవ్వాడు. నేనూ నవ్వాను.

లిండిస్ దారి, శుక్రవారం

పొద్దున కారు అద్దం మీద మంచు పేరుకుని తెల్లటి తలుపులా ఉంది. కెటిల్‌తో వేణ్ణీళ్లు తెచ్చి పోయబోయాను.

“అన్నా, ఆగు! అద్దం పగులుతది!” అని మౌనిక అరిచింది. ఆమె ఇచ్చిన పాత బ్యాంకు కార్డుతో గీకాను. ఇక్కడ ప్రతి ఇంటా గడువు తీరిన కార్డుకు ఇదే ఉద్యోగం.

ముందు వాళ్ల ట్రక్కు, ట్రైలరు మీద బండి, వెనక నా కారు. లిండిస్ కనుమ దగ్గర కొండలన్నీ ఎండుగడ్డి రంగు, పైన తెల్లటి మంచు. ఒక్క చెట్టు లేదు. నేను కారు ఆపి చాలాసేపు చూశాను. ఇతను ప్రతి వారం ఈ దారిన వెళతాడు. నేను ప్రతి రోజూ మోటారువే మీద బస్సులో ముందు సీటు వెనక భాగం చూస్తాను.

గ్రాహమ్ పొలం కనుమకు అవతల. పొలం అంటే మన లెక్క కాదు. ఆయన కంచె లోపల మూడు కొండలున్నాయి. ప్రభుత్వం కాపాడే భూముల్లో ఇలాంటి బండ్లు నడపనివ్వరు గనుక, సొంత కొండలున్నవాడే ఇక్కడ కొనుగోలుదారు. చలికాలంలో పైన చిక్కుకున్న గొర్రెల్ని చూసి రావడానికి ఆయనకు ఇవి కావాలి. ఆ సాయంత్రం ఆయన ఇంట్లో లేడు, గొర్రెల సంతకు వెళ్లాడు. ఉన్ని కత్తిరించేవాళ్లు దిగే గదుల్లో ఉండమని తాళంచెవి తలుపుకే వదిలి వెళ్లాడు. మన దగ్గర తాళంచెవిని మొల్లో దోపుకుంటాం.

శుక్రవారం సాయంత్రం మంచి ఘడియ ఉందని కరీంనగర్ నుంచి ప్రకాష్ తల్లి ఫోనులో చెప్పింది. పెద్దవాణ్ణి కాబట్టి పూజ నా చేతికే వచ్చింది. కొట్టం ముందు మంచు మీద దింపిన బండి హ్యాండిలుకు పసుపు కుంకుమ పెట్టాను, టెంకాయ కొట్టాను. అప్పుడొచ్చింది చిక్కు. చక్రాలుంటే వాటి కింద నిమ్మకాయలు పెడతాం. చక్రాలు లేని బండికి?

“స్కీ కింద ఒకటి, పట్టా కింద ఒకటి పెట్టన్నా,” అన్నాడు ప్రకాష్.

పెట్టాను. చీకటి పడుతోంది. బండిని ఇప్పుడే ఒక అడుగు కదిపి నిమ్మకాయలు తొక్కిద్దామా అని ప్రకాష్ అడిగాడు. వద్దన్నాను. “పూజయ్యాక బండి మొదట కదిలేది రేపు గ్రాహమ్ ఎక్కినప్పుడే కదా. అప్పుడే తొక్కితే శాస్త్రం.” ఆ శాస్త్రం ఏదో నాకు ఇప్పటికీ తెలియదు. పెద్దరికం దొరికింది, వాడుకున్నాను.

గొర్రెల కొట్టం, శనివారం

బకెట్లో నీళ్లు అడుగుదాకా గడ్డకట్టాయి. గ్రాహమ్ అరవై దాటిన మనిషి. అంత చలిలో పొట్టి నిక్కరు, మోకాళ్లదాకా గంబూట్లు. నా చేయి పట్టుకుని ఊపి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, పసుపు కుంకుమ చూసి, “అలంకరణ బాగుంది,” అని ఎక్కాడు.

బండి కదిలింది. స్కీ కింది నిమ్మకాయ పక్కకు దొర్లింది. బండి నాలుగు గజాలు వెళ్లింది. లోపల ఫట్‌మని చప్పుడు, తర్వాత బుస్సుమని ఆవిరి. తెల్లటి మంచు మీద ఇంజను నీళ్లు చిలకపచ్చగా పరుచుకున్నాయి.

ప్రకాష్ పరిగెత్తి ఆపించాడు. పడుకుని లోపలికి చేయిపెట్టి తీసినది నిమ్మకాయ. పగల్లేదు, నలగలేదు. రాయిలా ఉంది.

జరిగింది ఇది. మన ఊరి నిమ్మకాయ గోలీకాయంత. నేను తీసుకెళ్లినది హాబ్సన్‌విల్‌లో పొరుగువారి చెట్టుది, పిడికిలంత. రాత్రి చలికి గడ్డకట్టి పట్టా రబ్బరుకు అంటుకుపోయింది. పట్టా తిరగగానే దానితోపాటు వెనకనుంచి చుట్టి పైకి వెళ్లింది. చదును పలకకు నీళ్లు తెచ్చే గొట్టం ఒకచోట వంపు తిరిగి బొటనవేలంత కిందికి దిగుతుంది. సరిగ్గా అక్కడ కొట్టింది. నేను టార్చి వేసి వెతికి పట్టుకోలేని లోపాన్ని నిమ్మకాయ పట్టుకుంది.

గ్రాహమ్ ఆ పండును అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇదెందుకు పెట్టారు?”

“ఎవరి కన్నూ పడకుండా,” అన్నాడు ప్రకాష్. అతని ముఖం పాలిపోయింది.

మౌనిక నా వైపు తిరిగింది. “నిమ్మకాయతో ఆగే కన్ను కాదుగా అన్నా, నీది!” అంది. హాస్యానికే అంది. ఆమె కళ్లు మాత్రం నవ్వలేదు. ఆ పచ్చటి నీళ్లు మంచు మీద పారుతున్న మొదటి క్షణంలో నాకు కలిగినది దిగులు కాదు.

స్మోకో

ప్రకాష్ పానాలు తీస్తుంటే గ్రాహమ్ ఆపాడు. పది గంటలైంది, స్మోకో. పొద్దుటి పనికి మధ్య టీ తాగే వేళకు ఇక్కడ ఆ పేరు. ఇల్లు అంటుకున్నా స్మోకో తాగాకే ఆర్పుతారేమో. గుమ్మం బయట బూట్లు విప్పించారు. ఈ ఒక్క విషయంలో వీళ్లూ మనమూ ఒకటే. చీజ్‌రోల్ పెట్టారు. రొట్టెముక్కలో చీజు, ఉల్లిసూపు పొడి కలిపి చుట్టి, కాల్చి, పైన వెన్న రాస్తారు. ప్రకాష్ ముట్టలేదు. మౌనిక రెండు తిని, మూడోది అతని నోట్లో పెట్టింది.

“నమలు,” అంది. “ఆకలితోని పానా పట్టుకుంటే బోల్టు తెగగొడతవ్.”

టీ తాగుతూ నేను కాగితపు రుమాలు మీద గీయడం మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టానో చెప్పలేను. చేయి ఊరుకోలేదు. వంపు తిరిగిన గొట్టాన్ని కోసేసి, తొడుగుకు పైనుంచి రబ్బరు గొట్టంతో తిప్పితే పట్టాకు అందదు. ప్రకాష్ నా భుజం మీదుగా చూశాడు.

“అన్నా, గింత అల్కగ ఉంటె నేనెట్ల జూడలే?”

“నేనూ చూడలేదు,” అన్నాను. ఆ రోజు అతనికి నేను చెప్పిన మొదటి నిజం.

గ్రాహమ్ పాత ట్రక్కునుంచి రబ్బరు గొట్టం, క్లిప్పులు, కొట్టంలో ఇంజను నీళ్ల డబ్బా దొరికాయి. మౌనిక కోసింది, ప్రకాష్ బిగించాడు, నేను పట్టుకున్నాను. మధ్యలో ప్రకాష్ చేతిలోని క్లిప్పు మంచులో పడిపోతే ముగ్గురం మోకాళ్ల మీద వెతికాం. మంచు చేతికి నిప్పులా తగులుతుందని అప్పుడు తెలిసింది. ఆ గంటా నాకు అసూయ గుర్తు రాలేదు. ఇది రాసేటప్పుడు గమనించాను.

కొండ మీది గుడిసె

ఒంటిగంటకు గ్రాహమ్ మళ్లీ ఎక్కాడు. ఈసారి బండి తూనీగలా వెళ్లింది. మంచు మీద ఒక గీత స్కీది, దాని మీద వెడల్పాటి అచ్చు పట్టాది. రెండూ కలిసి కొండను చుట్టుకుంటూ పైకి పోయాయి. బండి కనిపించకుండా పోయాక చప్పుడు ఒక్కటే వినబడింది.

తర్వాత చప్పుడు ఆగింది.

ప్రకాష్ నా చేయి పట్టుకున్నాడు. మౌనిక కంచె ఎక్కి నిలబడింది. నేను ఏమనుకున్నానో ఈ కథనం చదివేవారికి దాచడం మర్యాద కాదు: ఇక కదలకుంటే బాగుండుననుకున్నాను. నెలాఖరుకు వీళ్లు మనురేవాకు వస్తారు, ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తారు, నేను బొమ్మలు గీసి చూపిస్తాను, ప్రకాష్ తల ఊపుతాడు. అంతా పూర్వంలాగే. నా చేతిలో అతని చేయి చల్లగా ఉంది. నేను వదిలించుకోలేదు.

చప్పుడు మళ్లీ మొదలైంది. గ్రాహమ్ పైన గొర్రెల్ని లెక్కపెట్టుకోవడానికి ఆపాడట.

దిగివచ్చాక ఆయన బండిని వాళ్లకు అప్పగించాడు. ప్రకాష్, మౌనిక బండి కడుగుతుంటే, నన్ను కంచె దగ్గరికి రమ్మని తల ఊపాడు.

“నువ్వు ఇలాంటివి గీసేవాడివట. మొహమాటం లేకుండా చెప్పు. పొద్దున నా కాళ్ల కిందే పగిలింది. దీని మీద నా పనివాళ్లను ఎక్కించవచ్చా?”

నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. ఇది అతను సొంత చట్రంతో చేసిన మొదటి బండి. ఈ ఒక్క చలికాలమే తిరిగింది. అతుకులను ఏ యంత్రంతోనూ పరీక్షించలేదు. బయటి ఇంజినీరు ఎవరూ చూడలేదు. అన్నీ నిజాలే. మంచి ఇంజినీరు ఎవరైనా ఇవే చెబుతాడు. ఏ ఒక్కటి చెప్పినా గ్రాహమ్ వచ్చే ఏడు చూద్దామంటాడు, నన్ను ఎవరూ తప్పుపట్టరు.

అటు చూశాను. మౌనిక చేతితొడుగు తీసి, చట్రం అతుకుల మీది మంచును బొటనవేలితో ఒక్కొక్కటే తుడుస్తోంది. ఆ అతుకుల్ని మొన్న నేను టార్చితో చూశాను. ప్రతి ఒక్కటీ పేర్చిన నాణేల వరుసలా ఉంది.

“పొద్దున విరిగింది గొట్టం,” అన్నాను. “చట్రం కాదు. ఆ గొట్టం ఇక పట్టాకు అందదు. చట్రాన్ని నేను గీసి ఉంటే ఇంతకంటే బరువుండేది, ఇంత గట్టిగా ఉండేది కాదు. ఎక్కించు.”

గ్రాహమ్ కంచె మీది చేయి తీశాడు. “సరే,” అని వాళ్ల దగ్గరికి నడిచి ప్రకాష్‌తో చేయి కలిపాడు. నాలుగు బండ్లు. కాగితం లేదు, సంతకం లేదు. ఇక్కడ అంతే, మన దగ్గర అయితే సాక్షులూ స్టాంపు పేపరూ వచ్చేవి. మౌనిక నీళ్ల గొట్టం చేతిలో ఉందని మరిచిపోయి ప్రకాష్‌ను తడిపేసింది.

మళ్లీ క్రామ్‌వెల్

తిరుగుదారిలో ప్రకాష్ నా కారులో కూర్చున్నాడు. ముందు ట్రైలరున్న ట్రక్కును మౌనిక నడిపింది. కనుమ దిగేదాకా అతని నోటికి మూత లేదు. రెండో బండికి తొడుగు పొట్టి చేస్తాడట, నా రుమాలు బొమ్మను షెడ్డు గోడకు అంటిస్తాడట, ఉద్యోగం మానేసి నన్ను ఇక్కడికే వచ్చేయమన్నాడు. “నువ్వు గీయి, నేను జేస్త, మౌనిక తిడతది,” అన్నాడు. ఇంటి అప్పు గురించి నేను ఏదో గొణిగాను.

కనుమ దిగాక అడిగాడు. “కంచె కాడ గ్రాహమ్ నిన్నేం అడిగిండన్నా?”

“ఆక్లాండ్‌లో ఇళ్ల ధరలు ఎలా ఉన్నాయని.”

“గంతేనా? బండి గురించి ఏం అడగలే?”

“అడగలేదు.”

అతను కిటికీ వైపు తిరిగాడు. కొంచెం చిన్నబుచ్చుకున్నాడని తెలిసింది. నేను రోడ్డు చూస్తూ నడిపాను. ఆ పూటే కలిసిన రైతుకు ఇంగ్లీషులో చెప్పగలిగిన మాట, ఏడాదిన్నర నా ఇంట్లో అన్నం తిన్నవాడికి తెలుగులో చెప్పడానికి నోరు రాలేదు. ఆదివారం విమానాశ్రయంలో కావలించుకున్నప్పుడూ రాలేదు. ఆక్లాండ్ వచ్చాక మూడుసార్లు ఫోన్ చేశాడు, అప్పుడూ రాలేదు. ప్రకాష్ తెలుగు పత్రికలు చదవడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: అది నేను గీయగలిగిన దానికంటే మంచి బండి.